అబూ మీనా క్షేత్రము



ఈ శీర్షిక క్రింద ఇంతవరకు మన క్షేత్రములను గూర్చియే వ్రాయుచు వచ్చితిని. పోవు త్రోవ, దిగదగిన సత్రము, స్థలపురాణము, మడివంటకు వసతి, ఇవియే నా వ్రాతకు విషయములు. ఈ మాసమునను విషయములు అవియే గాని క్షేత్రము మాత్రము వేఱు. అది మన దేశములోనిది కాదు, మన మతమునకు చెందినదియు కాదు. ఈజిప్టు దేశమున అలెగ్జాండ్రియా పట్టణమునకు నైరృతిదిశగా సుమారు 45 కిలోమీటర్ల దూరమున నున్న అబూ మీనా యను క్రైస్తవక్షేత్రము. మా తమ్ముడు ఆ ప్రాంతపు కర్మాగారములలో నొకదానియందు ఉద్యోగి యగుటచేత, 2025 నవంబరు నెలాఖరున నేనును మావారును పోయి పండ్రెండు దినములు వారింట నుంటిమి. ప్రయాణమునకు ముందు మా అత్తగారు "అన్యమతక్షేత్రముతో నీకేమి పని?" యని యడిగిరి. "చూచివచ్చి చెప్పెద నత్తయ్యా" యంటిని. ఆమెకు చెప్పినదే మీకును చెప్పుచున్నాను.

ముందుగా స్థలపురాణము. అది లేక క్షేత్రమునకు రుచి లేదు గదా.

మీనా యనునాతడు 3వ శతాబ్దపు చివరిభాగమున ఈజిప్టున జన్మించినవాడు. ఆయన తల్లి యుఫీమియాకు చిరకాలము సంతానము కలుగలేదు. ఒక పండుగనాడు ఆమె దేవాలయమునకు పోగా, తక్కిన స్త్రీలందఱు చక్కగా అలంకరించుకొని బిడ్డలను చంకనెత్తుకొని వచ్చియుండిరి. అది చూచి యామె దుఃఖమాపుకొనలేక మరియమాత పటము ముందు నిలిచి తనకొక కుమారుని ప్రసాదింపుమని వేడుకొనెను. అప్పుడు పటమునుండి "ఆమెన్" అను మాట వినవచ్చెనట. ఆమెన్ అనగా తథాస్తు. ఆ మాటలోని అక్షరములతోడనే పుట్టిన బిడ్డకు మీనా యని పేరు పెట్టిరి. సంతానము లేని స్త్రీ పండుగనాడు పదిమంది నడుమ పడు బాధ ఎట్టిదో ఈ కథను మొదట చెప్పినవారికి తెలియును. వారు స్త్రీలే యై యుందురని నాకు తోచినది.

పెరిగి పెద్దవాడై మీనా రోమను సైన్యమున చేరి, ఇప్పటి తుర్కీదేశములోని ఫ్రిజియా ప్రాంతమునకు పంపబడెను. అది డయోక్లీషియను చక్రవర్తి కాలము. క్రైస్తవులు తమ దేవుని విడిచి రాజ్యదేవతలకు బలులర్పింపవలెనని శాసనము వెలువడినది. మీనా ఆయుధము విడిచి ఎడారికి పోయి కొంతకాలము ఉపవాసములతో తపస్సు చేసెను. పిదప ఒక ఉత్సవదినమున జనులందఱు కూడియున్న క్రీడాప్రాంగణమునకు తానే వచ్చి, తాను క్రైస్తవుడనని ప్రకటించెను. హింసించి, శిరచ్ఛేదము చేసిరి. అది 296వ సంవత్సరమని కొందఱును, 309 అని కొందఱును చెప్పుదురు. ఇట్లు విశ్వాసముకొఱకు ప్రాణము విడిచినవారిని క్రైస్తవులు హతసాక్షులందురు.

ఆయన దేహమును స్వదేశమునకు తెచ్చి ఒంటెపై నెక్కించి కొనిపోవుచుండగా, ఒకచోట ఒంటె మోకరించి యెంత కొట్టినను లేవదయ్యెను. ఒంటెను మార్చిరి. రెండవదియు అట్లే చేసెను. దైవసంకల్పమిదియే యని అక్కడనే సమాధి చేసిరి. గోకర్ణమున రావణుడు ఆత్మలింగమును పెకలింపలేకపోయిన కథ మనకు తెలిసినదే. దేవుడు తాను నిలువదలచిన చోటు తానే యెన్నుకొనునను నమ్మకము ఎన్నిదేశముల వారికి గలదో! ఇక్కడ ఒక మాట చెప్పక పోజాలను. నాకు మా తండ్రిగారు చిన్ననాడు అమరము వల్లెవేయించిరి. అందు ఒంటెకు గల పేర్లలో క్రమేలకమని యొకటి కలదు. ఆ మాట గ్రీకుభాషలోని కామేలోసునుండి సంస్కృతమునకు వచ్చినదని పండితులు చెప్పుదురు. గ్రీకులకో అది ఈజిప్టు పొరుగుననున్న సెమిటికు భాషలవారినుండి వచ్చినది. ఎనిమిదేండ్లనాడు అర్థము తెలియక వల్లించిన శబ్దము పుట్టిన దిక్కునకు ముప్పదియైదవ యేట పోయి, ఆ జంతువును దాని త్రోవలోనే చూచితిని.

కొంతకాలమునకు ఆ సమాధి మరుగుపడెను. ఒక గొఱ్ఱెలకాపరి గజ్జి పట్టిన గొఱ్ఱె ఆ నేలమీది నీటిమడుగున పొర్లగా దానికి స్వస్థత కలిగినదట. కాపరి ఆ మన్నును నీటితో కలిపి రోగులకు పూయసాగెను. కుష్ఠురోగముచే బాధపడు ఒక రాజకుమార్తెయు వచ్చి స్వస్థురాలై, స్వప్నమున పునీతుని ఆజ్ఞపొంది అచ్చట త్రవ్వించి దేహమును కనుగొనెనని కథ. ఆ రాజెవ్వరన్న విషయమున కథలు ఒకదానితో నొకటి పొసగవు. అది మనకు పట్టింపు లేదు.

కథ సంగతి యెట్లున్నను, 4వ శతాబ్దము చివరినాటికి సమాధిపై దేవాలయము వెలసిన మాట వాస్తవము. 5, 6 శతాబ్దములలో అదియొక పట్టణమే యయ్యెను. సమాధి పైనున్న దేవాలయమునకు తూర్పున గొప్ప బసిలికా కట్టిరి. ఆ కాలమున ఈజిప్టున దానికంటె పెద్ద క్రైస్తవదేవాలయము లేదందురు. పడమట జ్ఞానస్నానమందిరము, ఉత్తరమున యాత్రికుల సత్రములు, విశాలమైన ముంగిళ్లు, రెండు స్నానశాలలు, అంగళ్లు, కుమ్మరి ఆవములు, ద్రాక్షరసము పిండు తొట్లు. యాత్రికులు అలెగ్జాండ్రియానుండి పడవలలో మర్యూత్ సరస్సును దాటి, దక్షిణపుటొడ్డున దిగి, అచ్చటినుండి నేలమీద ప్రయాణము చేయుచుండిరి. నది లేదు, కాలువ లేదు. శీతకాలమున కురియు కొద్దిపాటి వానను నేలక్రింది తొట్లలో పట్టియుంచుకొని అంత జనసమూహమునకు త్రాగుటకును స్నానమునకును సరిపెట్టిరి. ఇంటిల్లిపాదికి నీరు తోడు స్త్రీకి ఈ మాట విన్నంతనే ఆశ్చర్యము కలుగును.

సమాధికి దక్షిణపుప్రక్క అర్ధచంద్రాకారముగ నొక కట్టడము. దాని చుట్టును చిన్నచిన్న గదులు. రోగులు ఆ గదులలో పునీతుని సన్నిధిని రాత్రులు నిద్రించి స్వప్నమున ఆయన చెప్పిన చికిత్సకై వేచియుండెడివారని తవ్వకములు జరిపిన పండితులు నిర్ణయించిరి. దేవుని గుడిలో నిద్రచేయుట మన స్త్రీలకు క్రొత్త కాదు. నలువది దినముల మ్రొక్కు మ్రొక్కి ధ్వజస్తంభముకడ పండుకొనువారిని ఎందఱిని చూడలేదు!

ఇక మట్టికుప్పెల సంగతి. వీనిని చూచుటకే పోయితినని చెప్పినను తప్పు లేదు. అలెగ్జాండ్రియాలోని గ్రీకురోమను వస్తుప్రదర్శనశాల 2005నుండి మూయబడి, 2023 అక్టోబరులో తిరిగి తెఱవబడినది. క్షేత్రమునకు పోవు ముందు మరదలు నన్నక్కడికి తీసికొనిపోయినది. అరచేతిలో ఇముడునంతటి చప్పిడి కుప్పెలు, ఇఱుకైన మెడ, ఇరుప్రక్కల చిన్న చెవులు. చెవులకు త్రాడు కట్టి మెడలో వేసికొనవచ్చును. రెండు అచ్చులలో మట్టినొత్తి, ఆ రెండు పలకలను అతికించి కాల్చినవి. పలకపై నిలుచున్న పునీతుడు, చేతులు రెండును ప్రార్థనకై చాచినాడు. పాదములకడ ఇరువైపుల మోకరించిన ఒంటెలు. కొన్నింటిపై గ్రీకులిపిలో పునీత మీనాస్ దీవెన అను అర్థము గల మాటలు. కొన్నింటిపై ఒక ప్రక్క మీనా, రెండవప్రక్క మృగముల నడుమ నిలిచిన తెక్లా యను స్త్రీ. ఆమెయు హింసల పాలైన విశ్వాసియే. స్త్రీలు విశేషముగ కొలిచిన దేవత యనరాదు గాని, మనము పేరంటాలందుమే, అట్టి గౌరవము గలది. క్షేత్రములో కుమ్మరులు ఇవిగాక స్త్రీబొమ్మలు, గుఱ్ఱపురౌతుల బొమ్మలు గూడ చేసి యమ్మిరి. బొమ్మలలో కొన్ని గర్భిణీరూపములు. అవి యెవరు కొనిరో యెందుకు కొనిరో చెప్పనక్కఱ లేదు.

ఈ కుప్పెలలో క్షేత్రజలమునో, సమాధికడ వెలుగు దీపపు నూనెనో నింపి యాత్రికులు ఇండ్లకు కొనిపోయెడివారు. 5వ శతాబ్దము చివరనుండి 7వ శతాబ్దము నడిమివఱకు ఇవి వేలకొలది తయారైనవి. ఫ్రాన్సు, జర్మనీ, బాల్కను దేశములందు దొరకినవి. దక్షిణమున సూడానులో దొరకినవి. ఇంగ్లాండు వాయవ్యతీరమున మియోల్సు అను సముద్రపుటొడ్డున సైతము దొరకినది. పొగయోడలు, రైళ్లు లేని దినములలో ఒక మట్టికుప్పె ఎడారినుండి ఆ చలిసముద్రపు టంచుదాక పోయినది. ఎవరి మెడలో వ్రేలాడెనో, ఏ రోగి నాలుకపై ఎన్ని చుక్కలు పడెనో.

మా అమ్మమ్మ పూజాపీటమీద లక్కతో మూతి మూసిన రాగి గంగచెంబుండెడిది. ఆమె అత్తగారు కాశీనుండి తెచ్చినది. పిల్లలము ముట్టరాదు. ఇంటిలో నెవరికైన అవసానకాలము వచ్చినప్పుడే ఆ లక్క విప్పవలెను. అమ్మమ్మకు తుదిశ్వాసవేళ మా తల్లిగారు ఆ చెంబు విప్పి మూడు చుక్కలు నోటపోసిరి. ప్రదర్శనశాలలో ఆ కుప్పెలవరుస ముందు నిలుచున్నప్పుడు నాకు తోచినది మత భేదము గాదు. వీనిలో ఎన్ని సకాలమున విప్పబడినవో, ఎన్ని విప్పక మునుపే ప్రాణములు పోయినవో యన్నదే తోచినది. మరదలు "వదినా, ఏమట్లు నిలిచిపోతిరి?" యని చేయి పట్టుకొన్నది.

క్షేత్రముయొక్క క్షీణదశను గూర్చి కొద్దిమాటలు చాలును. 619 ప్రాంతమున పారసీకులు ఈజిప్టుపై దండెత్తినప్పుడు పట్టణము దెబ్బతిన్నది. 641 నాటికి దేశము అరబ్బుల పాలనలోనికి వచ్చినది. 8వ శతాబ్దమున సమాధిచోట మరల ఒక చిన్న దేవాలయము కట్టుకొనిరి. కాని యాత్రికుల సంఖ్య తగ్గుచు, చలువరాళ్లను ఇతరుల కట్టడములకు ఊడదీసికొనిపోవుచు రాగా, చివరకు ఇసుక క్రమ్మి సర్వము మఱపున పడినది. 1905లో కార్ల్ మరియా కౌఫ్మన్ అను జర్మను పండితుడు ఈ చోటును గుర్తించి 1907 వఱకు త్రవ్వించెను. 1960 తరువాత పీటర్ గ్రోస్మన్ మొదలైన జర్మనులు ఏండ్లతరబడి శ్రమించి కట్టడముల చరిత్రను విడమరచి చెప్పిరి.

మేము పోయిన దినమున ఎండ తీక్ష్ణముగ లేదు. సముద్రపు గాలి. మొదట మఠమునకు పోతిమి. మఠము ప్రాచీనమైనది కాదు. దాని పుట్టుకయు ఒక కథయే గాని, ఇది మన పెద్దల కాలములోని కథ. 1902లో పుట్టిన యొక యువకుడు సన్యసించి మీనా యను పేరు పొంది, 1936నుండి కైరో సమీపమున కొండపై పాడుపడిన గాలిమరలో ఒంటరిగా తపస్సు చేసికొనుచుండెను. ఈ శిథిలములయొద్ద నివసింపవలెనని ఆయన కోరిక. అనుమతి దొరకలేదు. 1959లో కాప్టు క్రైస్తవుల మతాధిపతి పదవి ఖాళీయై యుండగా, వారి ఆచారప్రకారము ముగ్గురి పేర్లు చీటీలపై వ్రాసి బలిపీఠముపై నుంచి, పూజానంతరమున ఒక చిన్నబాలునిచేత ఒకటి తీయించిరి. వచ్చిన పేరు గాలిమర సన్యాసిదే. ఆయన ఆరవ కిరిల్లోసు అను పేర పోపు అయ్యెను. కాప్టుల మతాధిపతికిని పోపు అనియే పేరు, రోమునగరపు పోపునకును వీరికిని సంబంధము లేదు. ఆ యేడే నవంబరు మాసమున ఆయన ఈ యెడారిలో క్రొత్త మఠమునకు శంకుస్థాపన చేసెను. 1971 మార్చి 9వ తేదీన దేహము చాలించెను. మరుసటియేడు ఆయన దేహమును తెచ్చి మఠములోని పెద్ద దేవాలయము క్రింద సమాధి చేసిరి. 2013లో పునీతులలో చేర్చిరి.

ఆ సమాధికడ మేము చూచిన జనము ఎక్కువభాగము స్త్రీలు. చీటీలపై ఏదో వ్రాసి సమాధికడ విడుచుచున్నారు. మరదలిని అడుగగా, కోరికలనియు, ఎక్కువగా పరీక్షలు, పెండ్లిండ్లు, రోగములు అనియు చెప్పినది. ఒకామె పిల్లవాని చేతిని పట్టుకొని ఆ రాతిపై నుంచి, మరల తన కన్నుల కద్దుకొన్నది. ఆ అద్దుకొను తీరు అచ్చముగా మనదే. లోపలికి పోవునప్పుడు పాదరక్షలు విడువవలసిన చోట్లు గలవు. దేవాలయమున స్త్రీలకొక ప్రక్క, పురుషులకొక ప్రక్క. సన్యాసులు నల్లని నిలువుటంగీ ధరించి, శిలువలు కుట్టిన నల్లని కుల్లాయి తలకు బిగించికొందురు. వారిని అందఱును అబూనా యని సంబోధింతురు. మా తండ్రి యని అర్థము. మావారును అట్లే పిలిచిరి. నేను నమస్కారము చేసితిని.

మాకు త్రోవ చూపిన సన్యాసి వయసు మళ్లినవాడు. తమ్ముడు అరబ్బీలో మాటలాడి మాకు తెలుగున చెప్పెను. పూజలో చదువునది కాప్టు భాష. ఫారోల కాలపు ఈజిప్టుభాషకు అది చివరి రూపము. గ్రీకు అక్షరములకు తమ ప్రాచీనలిపిలోని కొన్ని అక్షరములు చేర్చి వ్రాయుదురు. ఇండ్లలో మాటలాడు భాష అరబ్బీయే. మన పురోహితులు మంత్రము సంస్కృతమున చెప్పి, కొబ్బరికాయ తెమ్మని తెలుగున చెప్పినట్లు. వారి నెలలకు గూడ ప్రాచీనదేవతల పేర్లే నిలిచినవి. పునీత మీనా పండుగ హతూరు నెల 15వ దినమున, అనగా నవంబరు 24న జరుగును. ఆ హతూరు పేరు హాతోర్ అను పూర్వకాలపు దేవతది, గోరూపిణి. మతము మారినను పంచాంగము మారలేదు.

భోజనపు సంగతి మీరు తప్పక యడుగుదురు. నేను మాంసము, చేప, గ్రుడ్డు ముట్టనిదానను. పరదేశమున నాకేమి దొరకునని మా యింట అందఱికి దిగులు. కాని కాప్టులు సంవత్సరమునకు ఇన్నూఱు దినములకు మించి ఉపవాసము పాటింతురు. వారి ఉపవాసమనగా మాంసము, పాలు, నేయి, గ్రుడ్డు ఏవియు లేని భోజనము. కొన్ని ఉపవాసములలో చేప చెల్లును. నవంబరు 25నుండి క్రీస్తుజననపు పండుగదాక 43 దినముల ఉపవాసము. మేము సరిగా ఆ దినములలోనే పోయితిమి. నూనెయు జీలకఱ్ఱయు వేసి మెత్తగా నుడికించిన బాక్లా గింజలు, రొట్టె, పచ్చియుల్లి. మజ్జిగ లేకపోవుటయే నాకు లోపము, వారికది నియమము. పూజకై కాల్చు గుండ్రని రొట్టెపై చుట్టును చిన్న శిలువలు, నడుమ పెద్ద శిలువ అచ్చొత్తియుండును. పూజ యైన పిదప అట్టి రొట్టెలను అందఱికి పంచెదరు. మాకును ఇచ్చిరి. తీసికొనవచ్చునా యని తటపటాయింపగా, సన్యాసి నవ్వుచు తమ్మునితో "ఇది దీవెనరొట్టె, విశ్వాసులకు మాత్రమే యిచ్చు నైవేద్యము వేఱు. అతిథులు దీనిని తినవచ్చును" అనెను. ప్రసాదమును కాదనుట నాకు చేతకాదు. పుల్లని వాసన గల ఉప్పు లేని రొట్టె.

మఠమునుండి శిథిలములకు కొద్దిదూరము. అక్కడికి పోయినపుడు తెలిసినది ఈ క్షేత్రపు అసలు కష్టము.

1979లో యునెస్కోవారు ఈజిప్టునుండి మొట్టమొదట ప్రపంచవారసత్వస్థలములుగ ఎంచిన యైదింటిలో ఇదియొకటి. తక్కినవి పిరమిడ్లు గల మెంఫిసు, తీబ్సు, ప్రాచీన కైరో, నుబియా దేవాలయములు. అంతటివాని సరసన నిలిచిన చోటు. కాని 2001లో దీనిని ప్రమాదమున నున్న స్థలముల పట్టికలో చేర్చిరి. కారణము శత్రువు గాదు, దొంగ గాదు. నీరు. ప్రపంచ బ్యాంకు ద్రవ్యసాహాయ్యముతో ఎడారిని సాగులోనికి తెచ్చు పథకము వచ్చినది. కాలువలు వచ్చినవి. చుట్టును తోటలు, చేలు పెరిగినవి. పది సంవత్సరములలో నేలక్రింది నీటిమట్టము పైపైకి లేచినది. ఆ నేల బంకమన్ను. ఎండియున్నంతకాలము ఱాయివలె గట్టిది. నీరు తగిలిన పిండివలె జారును. వానను పట్టియుంచిన ఆ పూర్వపు తొట్లు క్రుంగిపోయినవి. వానితో పైకట్టడములును కూలినవి. భూమి విచ్చి పెద్ద బిలములు పడినవి. పునీతుని సమాధియున్న నేలమాళిగ కూలకుండుటకై దానిని ఇసుకతో నింపి జనులు పోకుండ మూసిరి. రోగులకు స్వస్థత నిచ్చినదని నీటికై లోకము పరుగెత్తి వచ్చిన చోట నీరే రోగమైనది.

సోదరీమణులారా, ఈ మాట వినుచున్నంతసేపు నా మనస్సు మా పల్నాటిలోనే యుండెను. నాగార్జునకొండ లోయలో ఇక్ష్వాకురాజుల విజయపురి యుండెను గదా. 3వ, 4వ శతాబ్దములనాటి బౌద్ధక్షేత్రము. అచ్చటి మహాచైత్యమునకు మహాదాత్రి రాజు చెల్లెలైన చాంతిశ్రి. బోధిశ్రి యను ఉపాసిక సింహళభిక్షువులకు చైత్యగృహమును కట్టించినది. స్త్రీల దానములు అన్ని శాసనములపై కనుపించు చోటు మన దేశమున అంతకంటె వేఱొకటి నేనెఱుగను. 1955లో అక్కడ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. 1954నుండి 1960దాక తవ్వకములు జరిపి, దొరకినన్ని శిల్పములను తరలించి, కొన్ని కట్టడములను కొండపై తిరిగి పేర్చిరి. కొండ ద్వీపమైనది. లోయ మునిగినది. 1967లో కాలువలకు నీరు విడిచిరి. మా మామగారి రెండెకరముల మాగాణికి వచ్చునది ఆ కుడికాలువ నీరే. నేను వండు బియ్యము ఆ నీటిదే. చాంతిశ్రి చైత్యమును ముంచిన నీటితో నా పిల్లలు పెరుగుచున్నారు. కాబట్టి అబూ మీనా చుట్టునున్న రైతులను నిందించుటకు నాకు నోరు రాలేదు.

తిరిగివచ్చుచు ఒక చేనిగట్టున ఆగితిమి. ముసుగు వేసికొన్న యొక వృద్ధస్త్రీ టమాటాలు బుట్టలకెత్తుచున్నది. ముసల్మానురాలు. మా తమ్ముని మాటకు ఆమె యిచ్చిన సమాధానమిది: "మా అమ్మ గాడిదపై నీళ్లు తెచ్చెడిది. పోవ సగము దినము, రా సగము దినము. కాలువ వచ్చిన నాడు ఆమె అందులో కాళ్లు పెట్టి కూర్చుండి యేడ్చినది." ఇట్లు చెప్పి, మరదలి కొంగులో నాలుగు టమాటాలు వేసి వెల పుచ్చుకొనలేదు. ఆమె తల్లి కన్నీరు ఒక ప్రక్క, ఇసుక నింపిన నేలమాళిగ మఱియొక ప్రక్క. రెండింటిలో నేది గొప్పది యని మావారు నన్ను పరీక్షింపగోరిరి. బడిలో పిల్లల నడిగినట్లు అడుగరాదంటిని.

అయినను ఒక్క మాట చెప్పగలను. అది పండితుల మాట గాదు, కాలువక్రింది పల్లెలో కాపురమున్నదాని మాట. మా యూర చేనికి నీరు పెట్టువాడు మురుగు పోవు దారియు చూచుకొనును. చూచుకొననివాని పొలము రెండేండ్లలో జవుకెక్కును, చవుడు తేలును, ప్రక్కవాని గోడయు దిగును. కాలువ త్రవ్వుటకు ద్రవ్యము దొరకును గాని మురుగుకాలువకు దొరకదు. అబూ మీనాలో జరిగినదియు అంతకుమించి మఱేమియు గాదని నా తలంపు. దానికి వారు కనుగొన్న చికిత్సయు అదియే. సూర్యరశ్మిచే నడచు పంపులతో నీటిని తోడివైచు నేర్పాటును 2021 నాటికి పూర్తిచేసిరి. నీటిమట్టము బాగుగ దిగినది. చుట్టుప్రక్కల జనులనుగూడ కలుపుకొని సంరక్షణకై యొక ప్రణాళికను 2024లో అంగీకరించిరి. 2025 జులైలో యునెస్కోవారు ప్రమాదపట్టికనుండి ఈ పేరు తొలగించిరి. ఇరువదినాలుగేండ్లు పట్టినది. చేలును ఉన్నవి, గోడలును ఉన్నవి. నాగార్జునకొండకు ఈ భాగ్యము లేకపోయెను. ఆ నీరు క్రిందినుండి ఊరినది గాదు, మీదినుండి నిండినది.

శిథిలములలో నడచుటకు మంచి పాదరక్షలు కావలెను. నీడ లేదు. గొప్ప బసిలికాలో స్తంభముల మొదళ్లు వరుసగ నిలిచియున్నవి. వానినిబట్టి లోపలి విశాలము ఊహింపవలెను. జ్ఞానస్నానమందిరమున లోపలికి దిగుటకు మెట్లు గల తొట్టి యున్నది. మన కోనేటిమెట్లను తలపించును. మోకాలెత్తు గోడలే యెక్కువ. మావారు కొలతలు వ్రాసికొనుచుండగా నేను అర్ధచంద్రపు కట్టడము చెంత కూర్చుంటిని. నేలపై ఎఱ్ఱని పెంకు తునుకలు చాల. ఏవియు ముట్టరాదని కాపలావాడు ముందే హెచ్చరించెను. అది న్యాయమే. యాత్రికుడొక్కొక్కడు ఒక్కొక్క పెంకు తెచ్చుకొన్న క్షేత్రమేమి మిగులును?

పోదలచినవారికి: కైరోనుండి అలెగ్జాండ్రియాకు రైలుబండి కలదు. అచ్చటినుండి బుర్జ్ అల్ అరబు దిశగా మోటారుకారు కుదుర్చుకొనవలెను. శిథిలముల ప్రవేశమును గూర్చి ముందుగ విచారించి పొండు. నవంబరు 24 పండుగనాటి జనసమ్మర్దము విశేషమని చెప్పిరి. పిల్లలు, వృద్ధులు వెంటనున్న, పండుగ దాటిన పిదప పోవుట మేలు. భుజములును మోకాళ్లును కప్పు వస్త్రములు ధరింపవలెను. మన చీర చాలును, పైన నొక శాలువ యున్న సముద్రపు గాలికి పనికివచ్చును. ఊరగాయ సీసా తీసికొనిపొండు. బాక్లా గింజలతో మాగాయ బాగుగ కలియును.